కలిసి తిందాం, విడివిడిగా తిరుగుదాం

స్నేహితులతో ఊరెళితే పొద్దున లేచింది మొదలు రాత్రి పడుకునేదాకా అందరూ ఒక్కచోటే ఉండి తీరాలని మనవాళ్ళకి ఒక పట్టుదల. గుడికంటే అందరూ గుడికే. చీరల కొట్టుకంటే అందరూ చీరల కొట్టుకే. ఒకరికి కాళ్ళు నొప్పెడితే అందరి నడకా ఆగాలి. ఒకరు బేరమాడుతుంటే మిగతావాళ్ళు గుమ్మం బయట నిలబడి ఆటోలు లెక్కపెట్టుకోవాలి. "కలిసొచ్చాం, కలిసే తిరుగుదాం" అన్న మాట రైలెక్కేటప్పుడు ఎంత ముచ్చటగా ఉంటుందో, మర్నాటి మధ్యాహ్నానికి అంత చిరాకు పుట్టిస్తుంది. నలుగురూ నాలుగు కోరికలతో బయల్దేరి, ఆఖరికి ఎవరికీ పెద్దగా అక్కర్లేని ఐదో కార్యక్రమం ఒకటి ముగించుకుని ఇంటికొస్తారు. అందరి ఫోన్లలోనూ అవే ఫొటోలు.

నేననేది ఏమిటంటే, స్నేహితులతో తిరిగే రోజులో మధ్యన ఒక మూడు నాలుగు గంటలు విడిపోవాలి. అలిగి కాదు, మొహం చాటేసి కాదు. ముందే అనుకుని, మళ్ళీ ఎక్కడ కలవాలో ఖాయం చేసుకుని విడిపోవాలి. పొద్దున టిఫిను కలిసి, రాత్రి తిండి కలిసి, మధ్యలో ఎవరి దారి వారిది. ఈ మాట అన్నప్పుడల్లా "ఆ మాత్రానికి కలిసెళ్ళడం దేనికి?" అని ఎవరో ఒకరు అడుగుతారు. దానికి నా జవాబు మదురైలో మేం గడిపిన ఒక రోజు.

మేం నలుగురం హాస్టల్ నాటి స్నేహితులం. ఒకామె హైస్కూల్లో సోషల్ టీచరు. ఒకామె బ్యాంకు ఉద్యోగి. ఇంకొకామె ఇల్లు, అత్తగారు, ఇద్దరు పిల్లల చదువులు అన్నీ ఒంటిచేత్తో నడిపే మనిషి. నాలుగో మనిషిని నేను. ఈ వయసులో నలుగురు ఆడవాళ్ళకి ఒకే తేదీల్లో తీరిక దొరకడం ఎంత కష్టమో చెప్పక్కర్లేదు. చెన్నైలో కలుసుకుని ఎగ్మూరులో రాత్రి పాండియన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారేసరికి మదురైలో దించింది. మీనాక్షి అమ్మవారి గుడి దగ్గర గదిలో స్నానాలు చేసి, అరిటాకులో ఇడ్లీ, నాలుగు రకాల చట్నీలు తిని బయటపడ్డాం.

మదురైలో తప్పిపోవడం కష్టం. ఊరంతా గుడి చుట్టూ అల్లుకుని ఉంటుంది. గోడని ఆనుకుని చిత్తిరై వీధులు, వాటి వెలుపల ఆవణి మూల వీధులు, ఆ వెలుపల మాసి వీధులు. తమిళ నెలల పేర్లు పెట్టుకున్న ఈ వీధులు చతురస్రాల్లా ఒకదాన్నొకటి చుట్టుకుని ఉంటాయి. ఏ సందులోంచి తలెత్తినా ఏదో ఒక గోపురం కనిపిస్తుంది. మొత్తం 14 గోపురాలు, అన్నిటికన్నా ఎత్తు దక్షిణపుది. బంగారం, ఇత్తడి పాత్రలు, చీరలు, పూలు, పూజాసామాను, ఊరికి కావలసినవన్నీ ఈ వీధుల్లోనే. దర్శనానికి ఒక రోజు, కొనుగోళ్ళకి ఒక రోజు అని ప్లాన్ వేసుకునేవాళ్ళని ఈ ఊరు పట్టించుకోదు. ఆవలి వీధికెళ్ళి అమ్మవారికి దండం పెట్టుకుని, ఈవలి వీధికొచ్చి గరిటెలు కొనుక్కోవచ్చు.

గుళ్ళోకి మాత్రం కలిసే వెళ్ళాం. విడిపోవడం మొదలైంది కూడా అక్కడే, మా ప్రమేయం లేకుండా. 2018 ఫిబ్రవరిలో గుళ్ళో వీరవసంతరాయ మండపం దగ్గర కొట్లలో నిప్పంటుకుంది. ఆ తర్వాత హైకోర్టు ఆదేశంతో లోపలికి సెల్‌ఫోన్లు నిషేధించారు. బయట కౌంటర్లో ఇచ్చి టోకెన్ తీసుకోవాలి. నాలుగు ఫోన్లకీ ఒకే టోకెన్. అది బ్యాంకు స్నేహితురాలి పర్సులో పడింది కాబట్టి ఆ రోజుకి ఆవిడే మా నాయకురాలు. ఫోన్లు లేవు కదా, తప్పిపోతే ఎలా అని ఇల్లాలు కంగారుపడింది. "ముక్కురుణి వినాయకుడి దగ్గర కలుద్దామే" అంది టీచరమ్మ. ఒకప్పుడు మదురైని ఏలిన తిరుమల నాయకుడు పెద్ద కోనేరు తవ్విస్తుంటే ఆ నిలువెత్తు విగ్రహం బయటపడిందంటారు. వినాయక చవితికి మూడు కురుణుల (కురుణి అంటే పాతకాలపు కొలత) బియ్యప్పిండితో ఆయనకి ఒకటే పెద్ద కుడుము చేస్తారు. అంత విగ్రహాన్ని చూడకుండా దాటిపోవడం ఎవరివల్లా కాదు.

మీనాక్షి దర్శనం, ఆ తర్వాత సుందరేశ్వరుడిది, ఇంతవరకూ వరసలో కలిసే ఉన్నాం. బయటికొచ్చాక ఎవరు ఎటు జారుకున్నారో తెలీదు. టీచరమ్మ వెయ్యికాళ్ళ మండపంలో దూరింది. పేరుకి వెయ్యి గానీ ఉన్నవి 985 స్తంభాలని తర్వాత చెప్పింది. ఇల్లాలు పొట్రామరై కోనేటి మెట్ల మీద కూర్చుండిపోయింది. బ్యాంకామె టోకెన్ భద్రమా అని పర్సు తడుముకుంటూ పైకప్పు మీది రంగుల చిత్రాలు చూసింది. నేను శిల్పాల కన్నా వాటి ముందు నడిచే మనుషులని చూశాను. మదురై ఆడవాళ్ళు తలలో పెట్టుకునే మల్లెపూలు మనవైపు పెట్టుకునేవాటికి రెట్టింపు ఉంటాయి. తిరిగి వినాయకుడి దగ్గర చేరేసరికి నలుగురి మొహాలూ విచ్చుకుని ఉన్నాయి. "ఎక్కడికెళ్ళావే?" అని ప్రతి ఒక్కరూ మిగతావాళ్ళని అడుగుతున్నారు. ఆ ప్రశ్నకి కొత్త జవాబు ఉండటం ఎంత బాగుంటుందో అప్పుడు తెలిసింది. కలిసి తిరిగేటప్పుడు ఆ ప్రశ్నే పుట్టదు.

మధ్యాహ్నం పన్నెండున్నర ప్రాంతంలో గుడి మూసేస్తారు. మళ్ళీ తీసేది నాలుగింటికి. మదురైకొచ్చే బృందాల్లో సగం తగాదాలు ఈ మూడున్నర గంటల్లోనే పుడతాయని నా అనుమానం. ఎండ మండిపోతుంటుంది, ఆకలి మొదలవుతుంది, ఎవరి మనసులో ఏముందో బయటపడుతుంది. మా దగ్గరా అదే జరిగింది. టీచరమ్మకి తిరుమల నాయకుడి మహల్ చూడాలి. బ్యాంకామెకి ఇక్కడి కరిదోశ తినాలి. నాకు సుంగుడి చీర కావాలి. ఇల్లాలు మాత్రం నింపాదిగా "నేను గదికెళ్ళి పడుకుంటా" అంది.

"ఏమే, ఇంత దూరం వచ్చి పడుకుంటావా?" అన్నాను.

"ఇంట్లో పడుకోనివ్వరు కాబట్టే ఇంత దూరం వచ్చానే" అంది.

ఆ మాటకి ఎదురు చెప్పగలిగినవాళ్ళు ఎవరూ లేరు. పట్టపగలు తలుపేసుకుని, కుక్కర్ విజిల్, కాలింగ్ బెల్ వినిపించకుండా మూడు గంటలు నిద్రపోవడం ఆమె టూరు. దాన్ని చెడగొట్టి మహల్ స్తంభాల దగ్గర నిలబెట్టి ఫొటో తీయడం స్నేహం ఎలా అవుతుంది? నాలుగింటికి జిగర్‌తండా (ఇక్కడి చల్లటి పాల పానీయం) కొట్టు దగ్గర కలుద్దామనుకుని ఎవరి దారిన వాళ్ళం పోయాం.

ఇక చీర సంగతి. సుంగుడి చీరలు మదురైలో సౌరాష్ట్రుల చేతి పని. గుజరాత్ తీరం నుంచి తరాల క్రితం బయల్దేరి, విజయనగర రాజ్యం మీదుగా దక్షిణానికి వచ్చి, నాయక రాజుల కాలంలో ఇక్కడ కుదురుకున్న నేతగాళ్ళు, అద్దకంవాళ్ళు వీళ్ళు. ఇళ్ళలో ఇప్పటికీ సౌరాష్ట్ర భాషే మాట్లాడుకుంటారు. దారిలో తోడొచ్చిన తెలుగు మాటలు అందులో చాలానే ఉన్నాయి. త్యాగరాజస్వామి ముఖ్య శిష్యుల్లో ఒకరైన వాలాజాపేట వెంకటరమణ భాగవతార్ ఈ సమాజంవారే. నేను వెళ్ళిన కొట్టులో పెద్దాయనకి తెలుగు బాగానే వచ్చు. నాలాంటి ఆంధ్రా గిరాకీ వల్లే వచ్చిందన్నాడు.

నూలు గుడ్డని మడతలు పెట్టి గుర్తులు వేసుకుంటారు. గుర్తు ఉన్నచోటల్లా గోటితో చిటికెడు గుడ్డ పైకి లాగి దారంతో బిగించి ముడి వేస్తారు. ఒక చీరకి ఇలాంటి ముళ్ళు వేలల్లో పడతాయి. ఈ పని ఎక్కువగా ఆడవాళ్ళు ఇంటిపట్టున కూర్చుని చేస్తారు. తర్వాత రంగులో ముంచి, ఆరాక ముళ్ళు విప్పితే, దారం కింద రంగు అంటని చోట ఆవగింజంత చుక్క మిగులుతుంది. 2005లో దీనికి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. అలాగని బజారులో వేలాడేవన్నీ ముడి వేసినవి కావు. మైనపు అచ్చుతో వేసినవి, స్క్రీన్ ప్రింటువి చాలా ఉంటాయి. తక్కువ ధరకి దొరుకుతాయి, చూడ్డానికీ బాగానే ఉంటాయి. తేడా ఎలా తెలుస్తుందని అడిగాను. పెద్దాయన ఒక చీర తీసి నా అరచేతి మీద పరిచాడు. ముడి విప్పిన చోట గుడ్డ ఇంకా ముడుచుకునే ఉంది, వేలికి చిన్న చిన్న బుడిపెలు తగిలాయి. చుక్కలు అన్నీ ఒక్కలా లేవు, వరస కూడా అక్కడక్కడా వంకర పోయింది. అచ్చు వేసిన దాంట్లో అన్నీ ఒకే కొలత, ఒకే గీత. ఉతికి గంజి పెట్టి ఇస్త్రీ చేస్తే ఈ బుడిపెలు పోతాయి, అప్పుడు కనిపెట్టడం కష్టమన్నాడు. అందుకే తెలిసినవాళ్ళు కొందరు అసలు ముళ్ళు విప్పకుండానే కొనుక్కుంటారట.

ఆ కొట్లో నేను గంటకి పైనే కూర్చున్నాను. మెరూన్ చూశాను, ముదురాకుపచ్చ చూశాను, మళ్ళీ మెరూన్ దగ్గరకొచ్చాను. ఈ గంట నాకు దొరకడానికి కారణం నా పక్కన ఎవరూ లేకపోవడం. వాచీ చూసుకునేవాళ్ళు లేరు. "ఇంకా ఎంతసేపే?" అనేవాళ్ళు లేరు. అడగకపోయినా "నీకు ఆకుపచ్చ నప్పదు" అనేవాళ్ళు అసలే లేరు. వేరేవాళ్ళు ఎదురుచూస్తున్నారన్న బెదురుతో కొన్న చీరలు ఎవరి బీరువాలోనైనా కొన్ని ఉంటాయి. చాలావాటిని మడత కూడా విప్పి ఉండరు.

ధర ఎంతో ఇక్కడ రాయను. మా నలుగురికీ కూడా చెప్పలేదు. విడిగా తిరగడానికి అన్నిటికన్నా పెద్ద కారణం నా దృష్టిలో ఇదే. హాస్టల్లో ఉన్నప్పుడు మా నలుగురి చేతుల్లో ఉండే డబ్బు దాదాపు ఒకటే. ఇప్పుడు కాదు. ఒకరికి నెల జీతం, ఒకరికి ఇంటి అప్పు, ఒకరికి ప్రతి రూపాయికీ ఇంట్లో లెక్క చెప్పాల్సిన పరిస్థితి. నలుగురూ ఒకే కొట్లో కూర్చుంటే ఈ తేడా చీరల మధ్య పరుచుకుని కనపడుతుంది. ఒకరు పట్టు చీర పక్కన పెట్టించుకుంటే, ఇంకొకరు అక్కర్లేకపోయినా మొహమాటానికి ఏదో ఒకటి తీసుకుంటారు. తీసుకోలేనివాళ్ళు "నాకు చీరలు ఇప్పటికే ఎక్కువైపోయాయి" అని నవ్వుతారు. ఆ నవ్వు వెనక ఏముందో అందరికీ తెలుసు, ఎవరూ మాట్లాడరు. కొట్టువాడు కూడా వెంటనే కనిపెట్టేస్తాడు. కొనే మనిషికి కూల్‌డ్రింక్, కొనని మనిషికి స్టూలు. పాత స్నేహాలకి చీరల కొట్టు పెట్టే పరీక్ష చాలా కఠినం, అనవసరం కూడా. గది అద్దె, ఆటోలు, టిఫిన్లు అందరూ సమానంగా వేసుకున్న ఉమ్మడి డబ్బులోంచి. కొనుగోళ్ళు ఎవరి సొంత డబ్బుతో వాళ్ళవి, ఎవరి కళ్ళ ముందు వాళ్ళవి.

తిండి దగ్గర కూడా మధ్యాహ్నం పూట విడిపోవడమే మేలు. మాలో టీచరమ్మ శాకాహారి. బ్యాంకామె కోరుకున్న కరిదోశ మూడంతస్తుల వ్యవహారం: కింద దోశ, మధ్యలో ఆమ్లెట్టు, పైన మటన్ కైమా కూర, దాన్ని తిరగేసి కాల్చి ముక్కలు చేసి పెడతారు. కలిసే తినాలని పట్టుబడితే రెండే దారులు. టీచరమ్మ ఆ మెస్సులో ఒక మూల పెరుగన్నం ముందు ఊపిరి బిగబట్టి కూర్చోవాలి. లేదా బ్యాంకామె మదురై దాకా వచ్చి సాంబారన్నం తిని పోవాలి. ఏ త్యాగమైనా సరే, చేసినవాళ్ళు రాత్రికల్లా దాన్ని ఒకసారి గుర్తుచేయకుండా ఉండరు. అందుకని ఒకామె కరిదోశ, కోలా ఉరుండై (కైమా ఉండలు) తిని తృప్తిగా వచ్చింది, ఒకామె మెస్సులో అప్పడం, రసంతో సాపాటు చేసి వచ్చింది. నేను చీరల మత్తులో ఒక వడ, కాఫీతో సరిపెట్టుకున్నాను. ఎవరూ ఎవరికీ రుణపడలేదు.

నాలుగింటికి జిగర్‌తండా కొట్టు దగ్గర అందరం తేలాం. మరిగించిన పాలు, నానబెట్టిన బాదం బంక, నన్నారి (సుగంధి వేరు) షర్బత్, పైన ఐస్‌క్రీమ్. మన రాయలసీమవాళ్ళకి నన్నారి కొత్త కాదు, కానీ పాలలో కలిపి తాగడం వేరే అనుభవం. గ్లాసు పట్టుకుని నిలబడ్డామో లేదో అందరూ ఒకేసారి మాట్లాడటం మొదలుపెట్టారు.

టీచరమ్మ చెప్పినదాని ప్రకారం మహల్ 1636 నాటిది. ఇప్పుడు మనం చూసేది అప్పటి కట్టడంలో నాలుగో వంతే. తిరుమల నాయకుడి మనవడు చొక్కనాథుడు చాలా భాగం విప్పించి తిరుచ్చికి తరలించాడట. మిగిలింది కూలిపోకుండా 19వ శతాబ్దంలో మద్రాసు గవర్నరు నేపియర్ బాగు చేయించాడు. ఒక్కో స్తంభాన్ని ఇద్దరు కలిసి కూడా వాటేసుకోలేరని చెప్పింది. "నువ్వు వాటేసుకుని చూశావా?" అంటే "కాపలావాడు చూడలేదులే" అంది. ఏడో తరగతికి నాయక రాజుల పాఠం చెప్పే మనిషి, ఇప్పుడు వాళ్ళ దర్బారు హాల్లో గంటన్నర ఒంటరిగా తిరిగొచ్చింది. నేనుంటే ఇరవై నిమిషాల్లో "పదవే" అని చెయ్యి పట్టి లాగేసేదాన్ని. నా సంగతి నాకు తెలుసు.

బ్యాంకామె కరిదోశతో ఆగలేదు. ఆటో ఎక్కి వైగై అవతల ఉన్న గాంధీ మ్యూజియంకి వెళ్ళింది. అది రాణి మంగమ్మ మహల్. భర్త, కొడుకు పోయాక పసివాడైన మనవడి తరఫున రాజ్యం నడిపిన మన మంగమ్మే. 1959 నుంచి అందులో మ్యూజియం ఉంది. 1921 సెప్టెంబరు 22న గాంధీ కొల్లాయి కట్టడం మొదలుపెట్టింది మదురైలోనే, పడమటి మాసి వీధిలో ఒక ఇంట్లో దిగినప్పుడు. చివరి రోజున ఒంటి మీదున్న రక్తం మరకల బట్ట ఆ మ్యూజియంలో ఉంది. ఇదంతా చెప్పి, బ్యాంకామె నా చేతిలో చీర సంచీ వంక ఒక చూపు చూసింది. ఏమీ అనలేదు. అననందుకు ఆమెకి రెండో గ్లాసు జిగర్‌తండా చెప్పాను.

ఇల్లాలికి చెప్పడానికి ఏమీ లేదు. నిద్ర బాగా పట్టిందని మాత్రం చెప్పింది. పొద్దున్నుంచీ అందరికన్నా వెనక నడిచిన మనిషి, సాయంత్రం మాత్రం అందరికన్నా ముందు నడిచింది. మల్లెపూలు ఆమె బేరమాడింది, మూర కొలతలో అమ్మాయి చెయ్యి చిన్నదని అరమూర అదనంగా వేయించింది. మదురై మల్లెకి 2013 నుంచి భౌగోళిక గుర్తింపు ఉంది కదా, దానికీ జీఎస్టీ వేస్తారేమోనే అని నవ్వించింది.

ఆడవాళ్ళు తెలియని ఊళ్ళో ఒంటరిగా తిరగడం క్షేమమా అన్న ప్రశ్న వస్తుంది, రావాలి కూడా. అన్ని ఊళ్ళూ, అన్ని వేళలూ ఒకటి కాదు. కొండ దారుల్లో, నిర్మానుష్యమైన సముద్రపు ఒడ్డున, చీకటి పడ్డాక నేనూ విడిపొమ్మనను. కానీ పట్టపగలు బజారు వీధుల్లో, అడుగడుగునా ఆడవాళ్ళు కొంటూ అమ్ముతూ ఉన్నచోట ఒక్కతీ నడిస్తే వచ్చే ముప్పు మన భయమంత పెద్దది కాదు. పైగా ఇది మీనాక్షి ఏలే ఊరు. "మీ ఇంట్లో మదురైయా, చిదంబరమా?" అని తమిళులు చమత్కారంగా అడుగుతారు. మదురై అంటే ఆలి మాట చెల్లే ఇల్లు, చిదంబరం అంటే మగడి మాట చెల్లేది. ఒంటరిగా తిరగడం ఇష్టం లేనివాళ్ళు ఇద్దరిద్దరుగా వెళ్ళొచ్చు. ఈ సంగతి మాత్రం బయల్దేరకముందు, ఇంట్లో ఉండగానే మాట్లాడుకోవాలి. ఫుట్‌పాత్ మీద ఎండలో చెబితే "నా తోడు నచ్చలేదా?" అన్నట్టు వినపడుతుంది.

కలిసి చేయాల్సినవి వేరే ఉన్నాయి. రాత్రి గుడి మూసే ముందు సుందరేశ్వరుడి పాదుకలని పల్లకీలో మీనాక్షి పడకగదికి తీసుకెళ్ళే సేవ ఉంటుంది. బాజాలు, సాంబ్రాణి పొగ, తోపులాట. అక్కడ పక్కన మన మనిషి ఉండాలి, ఒకరి భుజం ఒకరు పట్టుకుని మునివేళ్ళ మీద నిలబడటానికి. అప్పటికి ఆ ఒక్క రోజులోనే నలుగురం నాలుగు వేరు వేరు రోజులు చూసి ఉన్నాం కాబట్టి ఒకరి మీద ఒకరికి విసుగు లేదు. బయటికొచ్చాక మళ్ళీ ఇడ్లీ. తూంగా నగరం, నిద్రపోని ఊరు అని పేరు. అర్ధరాత్రి దాకా రోడ్డు పక్కన ఇడ్లీ పాత్రల్లోంచి ఆవిరి లేస్తూనే ఉంటుంది. శాకాహారికి, మాంసాహారికి, బ్యాంకుకి, ఇంటికి అందరికీ సరిపోయే తిండి అది. ఆకులు వేసుకుని బల్ల మీద ఎదురెదురుగా కూర్చుని, మహల్ గురించి, కైమా గురించి, చుక్కల చీర గురించి మళ్ళీ మొదట్నుంచి చెప్పుకున్నాం. చీర విప్పి చూపించాను. అందరికీ నచ్చింది. ఆకుపచ్చ తీసుకోవాల్సిందని ఇల్లాలు అననే అంది.

గదికొచ్చాక బ్యాంకామె ఉమ్మడి లెక్క రాసింది. గది, ఆటోలు, రెండు పూటల ఇడ్లీ, ఒక్కొక్కరికీ ఒక గ్లాసు జిగర్‌తండా ఉమ్మడిలో పడ్డాయి. తను తాగిన రెండో గ్లాసు మాత్రం నా సొంత ఖాతాలో వేసింది, చెప్పింది నేనే కాబట్టి. తాగింది తనే కాబట్టి తన ఖాతాలోనే పడాలని నేనంటాను. ఆ గొడవ వాట్సాప్ గ్రూపులో ఇంకా నడుస్తోంది. టీచరమ్మ ఎవరి వైపూ చెప్పడం లేదు.